సర్పంచ్‌గా, వార్డు సభ్యుడిగా నిలబడాలంటే: ఓటరు జాబితా నుంచి ఖర్చుల లెక్క దాకా

తెలంగాణ గ్రామ పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ పేపరు మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. ఆ గుర్తు చేతికొచ్చేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. 2025 డిసెంబర్ మొదటి విడతనే చూడండి. 3వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు ఉపసంహరణ ముగిసింది, ఆ తర్వాత గుర్తులిచ్చారు. 9వ తేదీ సాయంత్రం 5 గంటలకు ప్రచారం బంద్. 11న పోలింగ్. అంటే ఊరందరికీ మీ గుర్తు ఎక్కించడానికి దొరికింది ఆరు రోజులు.

ఆ ఆరు రోజుల్లో కులపత్రం కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతూనో, ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో అప్పుడే వెతుక్కుంటూనో ఉంటే పని కాదు. నిలబడాలన్న ఆలోచన ఉన్నవాళ్లు సగం పని నోటిఫికేషన్‌కు ముందే ముగించాలి. మొత్తం ఎన్నికలు ఐదేళ్లకోసారి వచ్చినా, మధ్యలో ఖాళీ అయిన సర్పంచ్, వార్డు స్థానాలకు ఉప ఎన్నికలు వస్తుంటాయి. వాటికి గడువు ఇంకా బిగుతుగా అనిపిస్తుంది.

ముందు మీ పేరు చూసుకోండి

పంచాయతీకి విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ ఓటరు జాబితానే తీసుకుని పంచాయతీలవారీగా, వార్డులవారీగా విడగొడతారు. మీ పేరు ఆ గ్రామ పంచాయతీ జాబితాలో ఉండాలి. ఉద్యోగం కోసం హైదరాబాద్ పోయి, ఓటును కూడా అక్కడికి మార్చుకున్నవాళ్లు ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నా నిలబడలేరు. తిరిగి రావాలంటే ముందు అసెంబ్లీ జాబితాలో ఓటు ఊరికి మారాలి, అది వారంలో అయ్యే పని కాదు.

సర్పంచ్‌కు ఊరంతా ఓటేస్తుంది. వార్డు సభ్యుడికి ఆ వార్డు వాళ్లే వేస్తారు. ఊరి జనాభాను బట్టి వార్డులు 5 నుంచి 21 దాకా ఉంటాయి. వార్డుకు నిలబడేవాళ్లు అదే వార్డులో ఓటరై ఉండాలని చాలామంది అనుకుంటారు. అభ్యర్థి అదే పంచాయతీలో ఏ వార్డు ఓటరైనా పరవాలేదు. కానీ ప్రతిపాదించే వ్యక్తి మాత్రం ఆ వార్డు ఓటరే అయి ఉండాలి. వార్డు నామినేషన్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 4వ వార్డుకు నామినేషన్ వేస్తూ, పక్క వీధిలో ఉన్నాడు కదా అని 5వ వార్డు ఓటరు చేత సంతకం పెట్టిస్తారు. వీధి ఎటుందో కాదు, జాబితాలో ఏ వార్డు కింద ఉన్నాడో చూడాలి. వార్డు నంబరు, క్రమ సంఖ్య జాబితాలోంచే ఎత్తి రాయండి, నోటి మాట నమ్మవద్దు.

పరిశీలన రోజుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. 18కే ఓటు వస్తుంది కాబట్టి పోటీకీ అదే చాలనుకునే కుర్రాళ్లు ప్రతిసారీ కొందరు కనిపిస్తారు.

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే నిలబడకూడదన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. తెలంగాణలో 2025లో, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాన్ని తీసేశారు. ఊళ్లో ఎవరైనా ఇంకా ఆ మాట చెప్పి బెదిరిస్తుంటే పట్టించుకోనక్కర్లేదు.

అనర్హత తెచ్చేవి మరికొన్ని ఉన్నాయి. గ్రామ సేవకులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, స్థానిక సంస్థల ఉద్యోగులు, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల సిబ్బంది ఉద్యోగంలో ఉండగా పోటీ చేయలేరు. రాజీనామా లేఖ ఇచ్చానంటే సరిపోదు, దాన్ని ఆమోదించినట్టు ఉత్తర్వు నామినేషన్ల పరిశీలన నాటికి చేతిలో ఉండాలి. పంచాయతీ పనుల కాంట్రాక్టు మీ పేరున నడుస్తుంటే అదీ అడ్డమే. సీసీ రోడ్డో, మురికి కాలువో పని తీసుకున్నవాళ్లు ముందుగా దాని సంగతి తేల్చుకోవాలి. గతంలో పోటీ చేసి ఖర్చుల లెక్క ఇవ్వనివాళ్లను మూడేళ్లపాటు అనర్హుల జాబితాలో పెడతారు. పోయినసారి వార్డుకు నిలబడి ఓడిపోయి, లెక్క సంగతే మరిచిపోయినవాళ్లు ఈ జాబితాను ఎంపీడీవో ఆఫీసులో అడిగి చూసుకోవడం మంచిది.

రిజర్వేషన్ దగ్గర జాగ్రత్త

సర్పంచ్ పదవికీ, ప్రతి వార్డుకూ రిజర్వేషన్ విడివిడిగా ఖరారవుతుంది. మహిళలకు సగం స్థానాలు. జనరల్ స్థానంలో ఎవరైనా నిలబడొచ్చు, మహిళలూ, ఎస్సీ, ఎస్టీ, బీసీలూ అందరూ. ఇది తెలిసినట్టే ఉంటుంది గానీ, జనరల్ వచ్చిందనగానే ఆగిపోయే ఆడవాళ్లు, బీసీ అభ్యర్థులు ఇప్పటికీ ఉన్నారు.

రిజర్వుడు స్థానానికైతే తహసీల్దార్ ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం కావాలి. పెళ్లయి ఈ ఊరొచ్చిన మహిళల విషయంలో పొరపాటు ఎక్కువ. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. బీసీ మహిళ ఓసీ ఇంటికి కోడలైనా బీసీయే, ఓసీ మహిళ బీసీ ఇంటికి కోడలైనా బీసీ కాదు. కాబట్టి పత్రం తండ్రి వైపు వివరాలతో తీసుకోవాలి. దానికి పుట్టినూరి స్కూలు రికార్డులు, తండ్రి కులపత్రం లాంటివి కావాల్సి వస్తుంది. వేరే జిల్లా అయితే తిరుగుడు తప్పదు. రిజర్వేషన్ల జాబితా వచ్చాక మొదలుపెడితే మీసేవ కౌంటర్ల దగ్గర అందరూ అదే పని మీద ఉంటారు. రిజర్వేషన్ ఎలా వచ్చినా ఈ పత్రం పనికొస్తుంది, ముందే తీసిపెట్టుకోండి.

నామినేషన్ కాగితాలు

ఒక ఫైలులో ఇవి ఉండాలి:

- నింపిన నామినేషన్ పత్రం: అభ్యర్థి సంతకం, ప్రతిపాదకుడి సంతకం, ఇద్దరి ఓటరు క్రమ సంఖ్యలు
- నేర చరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో స్వీయ ప్రకటన, దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు
- కుల ధ్రువీకరణ పత్రం (రిజర్వుడు స్థానానికైనా, డిపాజిట్ రాయితీకైనా)
- ఇంటి పన్ను, నల్లా పన్ను కట్టిన రసీదులు, పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన బాకీ లేదన్న పత్రం
- ఎన్నికల ఖర్చు కోసం తెరిచిన కొత్త బ్యాంకు ఖాతా పాస్‌బుక్కు నకలు
- ఓటరు జాబితాలో మీ పేరున్న పేజీ, ప్రతిపాదకుడి పేరున్న పేజీ నకళ్లు
- వయసు రుజువు, ఫొటోలు

డిపాజిట్ సర్పంచ్‌కు 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. వార్డు సభ్యుడికి 500, రాయితీ ఉన్నవాళ్లకు 250. రసీదు తీసుకుని ఫైలులో పెట్టండి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కూడా రాకపోతే ఈ డబ్బు పోతుంది. 1,200 ఓట్లు చెల్లితే ఆరో వంతు 200 అన్నమాట.

స్వీయ ప్రకటనలో గడి ఏదీ ఖాళీగా వదలవద్దు. కేసులు లేకపోతే ‘లేవు’ అని రాయండి, అప్పు లేకపోతే ‘లేదు’ అని రాయండి. అడ్డంగా గీత గీసి వదిలితే సమాచారం దాచారని అవతలివాళ్లు పట్టుకుంటారు. భార్య లేదా భర్త పేరున ఉన్న ఆస్తి, వాళ్ల మెడలోని బంగారం, డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. పాత గొడవల్లో ఎప్పుడో పెట్టిన కేసు ఇంకా నడుస్తోందో లేదో గుర్తులేకపోతే పోలీస్ స్టేషన్‌లో, కోర్టులో కనుక్కుని రాయాలి. కేసు ఉండటం ఒక్కటే చాలా సందర్భాల్లో పోటీకి అడ్డు కాదు. దాన్ని దాచిపెట్టడమే తర్వాత పదవికి ఎసరు తెస్తుంది.

పన్ను బాకీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. పంచాయతీ నోటీసు ఇచ్చినా కట్టని బాకీ ఉంటే అది అనర్హత కిందికి వస్తుంది. మీ ఇల్లు ఇంకా తాత పేరునే ఉంటే, ఆ అసెస్‌మెంట్ నంబరు మీదున్న బాకీ కూడా తీర్చేయండి. నామినేషన్ల మూడు రోజుల్లో కార్యదర్శి దొరకడు, దొరికినా ఆయన దగ్గర యాభై మంది ఉంటారు.

ఆ మూడు రోజులు

నామినేషన్లు ప్రతి ఊళ్లోనూ తీసుకోరు. నాలుగైదు పంచాయతీలకు కలిపి ఒక క్లస్టర్ కేంద్రం ఉంటుంది, అక్కడ స్టేజ్-1 రిటర్నింగ్ అధికారి కూర్చుంటారు. మూడు రోజులు, ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5 దాకా. మంచి రోజు, మంచి ఘడియ చూసుకుని అందరూ ఆఖరి రోజే వస్తారు. 5 గంటలకు గేటు లోపల ఉన్నవాళ్లకు టోకెన్లిచ్చి రాత్రి దాకా తీసుకుంటారు గానీ, అప్పుడు కాగితంలో తప్పు బయటపడితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

మొదటి రోజే ఒక సెట్ వేయడం మంచి పద్ధతి. ఇచ్చేటప్పుడు అధికారి దగ్గర చెక్‌లిస్టు ఉంటుంది, ఏ కాగితం లేదో అందులో రాసి ఇస్తారు. మిగిలిన రెండు రోజుల్లో అది తెచ్చి ఇవ్వొచ్చు. ముహూర్తం పట్టింపు ఉంటే రెండో సెట్ ఆ ఘడియకు వేసుకోండి, ఇంకో ప్రతిపాదకుడితో. డిపాజిట్ మళ్లీ కట్టనక్కర్లేదు. మొదటి సెట్‌లో ప్రతిపాదకుడి సంతకం మీద వివాదం వచ్చినా రెండోది నిలుస్తుంది. ప్రత్యర్థులు ప్రతిపాదకుడిని పట్టుకుని, ఆ సంతకం తనది కాదని చెప్పించిన ఊళ్లున్నాయి. అందుకే ప్రతిపాదకుడిగా మాట మీద నిలబడే మనిషిని ఎంచుకోవాలి. ఊళ్లో పలుకుబడి ఉందా లేదా అన్నది ఇక్కడ అనవసరం.

పేరు రాసేచోట కాస్త ఆలోచించాలి. ఎందుకో గుర్తుల దగ్గర చెబుతాం. ఓటరు జాబితాలో ఎలా ఉందో అలాగే రాయడం అన్నిటికంటే క్షేమం.

పరిశీలన, అప్పీలు, ఉపసంహరణ

నామినేషన్లు ముగిసిన మర్నాడు పరిశీలన. అభ్యర్థి, ప్రతిపాదకుడు, ఏజెంటు వెళ్లొచ్చు. తప్పక వెళ్లాలి కూడా. మీ కాగితం మీద అభ్యంతరం చెబితే అక్కడికక్కడే జవాబివ్వాలి, అందుకే పైన చెప్పిన ఫైలు ఒరిజినల్స్‌తో సహా చంకలో ఉండాలి. పేరులో ఒత్తు పోయిందనో, ఇంటి నంబరులో అంకె తారుమారైందనో నామినేషన్ తోసిపుచ్చకూడదు. మనిషి ఎవరో గుర్తుపట్టగలిగితే చాలు. సంతకం లేకపోవడం, ప్రతిపాదకుడు వేరే వార్డు ఓటరు కావడం, వయసు చాలకపోవడం, రిజర్వుడు స్థానంలో కులపత్రం లేకపోవడం, డిపాజిట్ కట్టకపోవడం లాంటివి మాత్రం నిలబడనివ్వవు.

తిరస్కరిస్తే కారణం రాసిన ఉత్తర్వు నకలు అక్కడే అడిగి తీసుకోండి. అప్పీలుకు ఉండేది మర్నాటి ఒక్క రోజే, ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్ దగ్గర. ఆ తర్వాతి రోజు తేల్చేస్తారు. ఉత్తర్వు నకలు లేకుండా వెళ్లి నోటితో మొరపెట్టుకుంటే లాభం లేదు.

ఉపసంహరణ రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఈ రోజున ఊళ్లో పంచాయితీలు జరుగుతాయి, పెద్దమనుషులు కూర్చోబెడతారు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు అది ఏ కాగితమో చదవండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

ఏకగ్రీవం గురించి ఒక మాట. అందరూ నిజంగా ఒప్పుకుని ఒక్కరే మిగిలితే ఎవరికీ పేచీ లేదు. గుడికి ఇన్ని లక్షలు, బొడ్రాయికి ఇన్ని లక్షలు అని సర్పంచ్ పదవికి పాట పెట్టడం మాత్రం నేరం. పోటీ నుంచి తప్పుకోవడానికి డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఎన్నికల లంచమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. గుడి కోసమే కదా అన్న మాట కోర్టులో నిలవదు. పైగా పాట పాడి వచ్చినవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడో ఊరికి వేరే చెప్పాలా?

గుర్తు ఎలా వస్తుంది

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి అని ఊరంతా అనుకున్నా బ్యాలెట్‌లో ఆ పార్టీ గుర్తు రాదు. రాష్ట్ర ఎన్నికల సంఘం సర్పంచ్‌కు ఒక వరుస, వార్డులకు ఇంకో వరుస గుర్తులు ముందే ఖరారు చేస్తుంది. సర్పంచ్ వరుసలో ఉంగరం, కత్తెర మొదట వస్తాయి. పోటీలో మిగిలినవాళ్ల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పేర్చి, మొదటి పేరుకు మొదటి గుర్తు, రెండో పేరుకు రెండోది అలా ఇచ్చుకుంటూ పోతారు. మీరు కోరుకుంటే వచ్చేది కాదు.

ఇది తెలిసినవాళ్లు ఉపసంహరణ రోజు మధ్యాహ్నానికే చిన్న లెక్క వేసుకుంటారు. బరిలో ఎవరెవరు మిగలబోతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు కదా. ఆ పేర్లను అక్షరక్రమంలో రాసుకుంటే మీకు ఏ గుర్తు పడేదీ దాదాపుగా తెలుస్తుంది. అయినా అధికారి సంతకం పెట్టిన తుది జాబితా చూడకుండా ప్రెస్సుకు ఆర్డరు ఇవ్వకండి. మీకంటే ముందున్న అక్షరం మనిషి ఆఖరి నిమిషంలో తప్పుకుంటే మీ గుర్తు ఒక మెట్టు పైకి జరుగుతుంది, అచ్చేసిన కరపత్రాలన్నీ అవతలివాడి ప్రచారం అవుతాయి.

గుర్తు రాగానే దాని బొమ్మను బ్యాలెట్ మీద ఉన్నట్టే వాడండి. వార్డు వరుసలో గ్యాస్ పొయ్యి, గ్యాస్ సిలిండర్ రెండూ వేర్వేరు గుర్తులు. ‘గ్యాస్ గుర్తుకు వేయండి’ అని మైకులో చెబితే సగం ఓట్లు పక్కవాడికి పోతాయి. ఇలాంటి జంట గుర్తు పడితే రెండూ పక్కపక్కనే చూపించి, ‘అది కాదు, ఇదే మనది’ అని చెప్పాల్సిందే. చదువు రాని పెద్దవాళ్లకు వస్తువునే చూపించండి. కత్తెర వస్తే నిజం కత్తెర పట్టుకెళ్లండి. ఇంకో చిక్కు: ప్రతి ఓటరుకూ రెండు బ్యాలెట్లు ఇస్తారు, గులాబీ రంగుది సర్పంచ్‌కు, తెల్లది వార్డు సభ్యుడికి. మీ మనిషి సర్పంచ్‌కు ఒక గుర్తు మీద, మీ వైపు వార్డు అభ్యర్థి ఇంకో గుర్తు మీద ఉంటారు. ‘గులాబీ కాగితం మీద ఉంగరం, తెల్ల కాగితం మీద బీరువా’ అని రంగుతో కలిపి చెప్పడం అలవాటు చేస్తే గందరగోళం తగ్గుతుంది.

ఓటర్ల పుస్తకం

బ్యానర్లు, మైకులు, ర్యాలీల కంటే పంచాయతీ ఎన్నికలో పనికొచ్చేది ఒక 200 పేజీల నోటుబుక్కు. ఓటరు జాబితా క్రమ సంఖ్యలో ఉంటుంది. దాన్ని ఇళ్లవారీగా తిరగరాసుకోండి. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస: ఇంటి పెద్ద, ఓట్లు ఎన్ని, ఊళ్లో ఎందరు, బయట ఎందరు, చనిపోయినా జాబితాలో మిగిలినవి ఎన్ని, ఆ ఇంట్లో మాట చెల్లేది ఎవరిది, ఆ ఇంటివాళ్లకు పంచాయతీతో ఉన్న పని ఏమిటి. చివరి గడి ముఖ్యం. వీధి దీపం లేదనో, ఇంటి ముందు కాలువ పొంగుతుందనో, పింఛను ఆగిందనో ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది. మీ చేతిలో లేని పనికి మాట ఇవ్వకండి. కాలువ, దీపం, చెత్త, తాగునీరు పంచాయతీ పరిధిలోవి. కొత్త రేషన్ కార్డు సర్పంచ్ ఇచ్చేది కాదు.

1,500 ఓట్లున్న ఊళ్లో సుమారు 450 ఇళ్లు అనుకుందాం. ఆరు రోజుల్లో అన్నీ తిరగాలంటే రోజుకు 75 ఇళ్లు, ఇంటికి ఐదు నిమిషాలైనా ఆరు గంటల పైన పడుతుంది. కూలికి పోయేవాళ్లు ఉదయం ఏడు లోపే, మళ్లీ చీకటి పడ్డాకే దొరుకుతారు. కాబట్టి మొదటి విడత పలకరింపు గుర్తు రాకముందే ముగించి, గుర్తు వచ్చాక రెండో విడత రెండు మాటల్లో తేల్చాలి. వార్డు అభ్యర్థికి ఇంత హైరానా లేదు. 200 ఓట్ల వార్డులో 84 శాతం పోలైతే 168. ముగ్గురు పోటీలో ఉంటే 65 ఓట్లతో కూడా బయటపడొచ్చు. ఒక్క కుటుంబం అలిగినా ఫలితం తిరగబడుతుంది.

వలస ఓట్ల మీద చాలామంది ఆశ పెట్టుకుంటారు. ఫోన్ చేసి రమ్మని అడగొచ్చు. బస్సు పెట్టి ఉచితంగా తీసుకురావడం మాత్రం ఎన్నికల తప్పిదం, ఓటర్లను పోలింగ్ కేంద్రానికి ఆటోల్లో తరలించడం కూడా అంతే.

కరపత్రం మీద అచ్చువేసిన ప్రెస్ పేరు, చిరునామా, వేయించినవారి పేరు, ఎన్ని కాపీలో తప్పక ఉండాలి. మైకుకు ముందుగా అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 తర్వాత వాడకూడదు. గోడల మీద రాతలకు ఇంటివాళ్ల ఒప్పుకోలు ఉండాలి. గుడిలో, మసీదులో, చర్చిలో ప్రచారం కుదరదు. పోలింగ్ ముగియడానికి 44 గంటల ముందు అన్నీ ఆపాలి.

ఖర్చు

2011 జనాభా లెక్కల ప్రకారం 5,000 దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి 2,50,000 రూపాయలు, వార్డు అభ్యర్థి 50,000 దాకా పెట్టొచ్చు. 5,000, అంతకు లోపు ఉన్న ఊళ్లలో సర్పంచ్‌కు 1,50,000, వార్డుకు 30,000. ఊళ్లలో దీనికి ఎన్నో రెట్లు పోస్తారని చెప్పుకోవడం అందరూ విన్నదే. ఆ పందెంలోకి దిగితే గెలిచినా ఐదేళ్లు అప్పుల్లోనే ఉంటారు. ఓటుకు నోటు నేరమన్నది అటుంచి, రెండు వైపులా తీసుకున్న ఓటరు ఎటు వేశాడో తెలుసుకునే దారి ఎవరికీ లేదు.

కొత్త ఖాతాలోంచే ఖర్చు పెట్టండి. రోజూ రాత్రి రిజిస్టరులో తేదీ, దేనికి, ఎవరికి, ఎంత, బిల్లు నంబరు రాయాలి. మైకు, ఆటో అద్దె, ఫ్లెక్సీలు, కరపత్రాలు, కార్యకర్తల టీ, టిఫిన్ అన్నీ లెక్కే. మిత్రుడు తన జీపు ఉచితంగా ఇచ్చినా దాని అద్దె విలువ రాయాలి. వారం తర్వాత గుర్తుచేసుకుని రాస్తే మొత్తాలు కుదరవు, ఒకే చేతిరాతతో ఒకే రోజు రాసిన బిల్లులు చూడగానే తెలిసిపోతాయి.

పోలింగ్ రోజు

పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకానే. ప్రతి వార్డుకూ ఒక కేంద్రం. సర్పంచ్ అభ్యర్థికి ప్రతి కేంద్రంలోనూ ఏజెంటు కావాలి, 10 వార్డులుంటే 10 మంది, మధ్యలో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే సర్దడానికి ఇద్దరు అదనం. నియామక పత్రాలు ముందురోజే సంతకాలతో సిద్ధం చేయండి. ఏజెంటుకు ఆ వార్డు మనుషుల ముఖాలు తెలిసి ఉండాలి, దొంగ ఓటును పట్టుకునే మార్గం అదొక్కటే. ఏజెంటు 6:30 కల్లా కేంద్రంలో ఉండి, ఖాళీ డబ్బా చూపించి సీలు వేసేటప్పుడు తానూ చూడాలి. ఓటరు జాబితా కాపీలో వచ్చినవాళ్ల పేరు పక్కన గీత పెట్టుకుంటూ పోతే, 11 గంటలకు ఎవరు రాలేదో ఏజెంటుకు తెలుస్తుంది. అయితే ఆ కాపీ బయటికి పంపకూడదు, బయటివాళ్లు తమ పుస్తకంలో విడిగా చూసుకోవాలి.

ప్రచారం ఆగకముందే ఓటర్లకు చెప్పాల్సింది ఇంకొకటుంది: ముద్ర గుర్తు మధ్యలో గట్టిగా ఒక్కసారే వేయాలి, సిరా ఆరనిచ్చి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా ముందు మడిస్తే పచ్చి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా, రెండు గుర్తుల మీద ముద్ర పడినా ఆ ఓటు చెల్లదు. అభిమానంతో సంతకం కూడా పెట్టేసే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు.

లెక్కింపు బల్ల దగ్గర

మధ్యాహ్నం 2 గంటల నుంచి లెక్కింపు, అక్కడే, అదే రోజు. స్టేజ్-2 రిటర్నింగ్ అధికారి చేయిస్తారు. డబ్బాలు తెరిచి గులాబీ, తెల్ల కాగితాలు వేరుచేసి, 25 చొప్పున కట్టలు కడతారు. ముందు వార్డులు, తర్వాత సర్పంచ్.

కౌంటింగ్ ఏజెంటుగా నిదానస్థుడిని పెట్టండి. చూడాల్సినవి రెండే: కట్టలో నిజంగా 25 ఉన్నాయా, సందేహపు ఓటు ఎటు పోతోంది. మడతలో అంటుకున్న మరక అద్దంలో బొమ్మలా తిరగబడి, పలచగా ఉంటుంది. అసలు ముద్ర ఒకటి స్పష్టంగా ఉంటే ఆ మరక వల్ల ఓటు చెల్లకుండా పోదు. మీ గుర్తు మీద ముద్ర ఉండి, మరక చూపి చెల్లని కట్టలో వేస్తుంటే అప్పుడే అడ్డుచెప్పాలి. అవతలివాళ్లు కూడా ఇదే చేస్తారు, గొంతు పెంచకుండా కాగితాన్ని వెలుతురులో చూపమని అడగండి. నోటాకు పడిన ఓట్లను విడిగా లెక్కించడం చూడండి.

మళ్లీ లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించకముందే, కారణం రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ప్రకటించాక ఎన్నికల ట్రిబ్యునల్ తప్ప దారి లేదు. అందుకని తెల్ల కాగితం, పెన్ను జేబులో ఉంచుకోండి. అరుపుల్లో, కేకల్లో కాగితం కోసం వెతుక్కునేలోపు ప్రకటన అయిపోతుంది. ఓట్లు సమానమైతే చీటీలు తీస్తారు. 2025 డిసెంబర్‌లో చీటీతో తేలిన ఊళ్లూ, ఒక్క ఓటుతో తేలిన ఊళ్లూ ఉన్నాయి.

ఫలితం తర్వాత

సర్పంచ్, వార్డు సభ్యులు కలిసి తమలోని వార్డు సభ్యుల్లోంచి ఒకరిని ఉప సర్పంచ్‌గా చేతులెత్తి ఎన్నుకుంటారు, మామూలుగా అదే రోజు. సర్పంచ్‌గా గెలిచి సంబరాల్లో ఉన్నవాళ్లు దీన్ని వదిలేసి, సభ్యుల్లో ఎక్కువమంది అవతలి వర్గం అయితే ఐదేళ్లు తీర్మానం తీర్మానానికీ తంటాలు పడతారు. గెలిచిన వార్డు సభ్యుడు ఆ సాయంత్రం ఊళ్లోనే ఉండాలి, ఊరేగింపు తర్వాత చేసుకోవచ్చు.

గెలిచినా, ఓడినా, ఏకగ్రీవమైనా, 45 రోజుల్లోగా ఖర్చుల లెక్క ఎంపీడీవోకు ఇవ్వాలి. ఒక్క రూపాయి పెట్టకపోయినా ‘ఖర్చు లేదు’ అని రాసి ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత, గెలిచినవాళ్లకైతే పదవి కూడా పోవచ్చు. బిల్లులన్నీ వరుస నంబర్లతో జతచేసి, పూర్తి సెట్ నకలు ఇంట్లో ఉంచుకోండి. ఎంపీడీవో ఆఫీసులో తేదీ, ముద్ర ఉన్న రసీదు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలవద్దు. డిపాజిట్ దక్కితే దాన్ని వెనక్కి తీసుకునే దరఖాస్తు కూడా ఆ రోజే ఇచ్చేయండి, ఒరిజినల్ రసీదు జతచేసి.